వాన లెక్క: కొలగ్లాసు నుంచి రాడార్ దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, మొదట పే రివిజన్ కమిషన్ల చరిత్ర రాద్దామనుకున్నాను. తీరా విచారిస్తే ఆ అంశం మీద అప్పటికే ఇద్దరు మిత్రులు కలం పట్టినట్టు తెలిసింది. కరువు భత్యం బకాయిల మీద మరో ముగ్గురు రాస్తున్నారట. పింఛనుకు సంబంధం లేని వ్యాసం ఒక్కటైనా ఉండనిమ్మని వాన గురించి రాయడానికి పూనుకున్నాను. ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉన్నదనే నా నమ్మకం. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో నా బల్ల మీదికి వచ్చిన మొదటి పుస్తకం వర్షపాతం రిజిస్టరే. అందులో నేను చేసిన తప్పు ఒకటి కూడా ఉన్నది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

అసలు ఈ ఆలోచన కలిగించినది మా వాడకట్టు మిత్రుడు. ఓపెన్‌కాస్టులో ఓవర్‌మాన్‌గా చేసి దిగిపోయినవాడు. కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం ఇద్దరం గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక హోటల్ రేకుల కింద చిక్కుకుపోయాము. వాన దంచికొడుతున్నది. ఆయన సెల్‌ఫోన్ తీసి ఏదో రాడార్ బొమ్మ చూపించాడు. మన ప్రాంతం మీద లేత ఆకుపచ్చ మచ్చ ఉన్నది.

"సారూ, పచ్చ రంగంటే చిన్న వాన అని కింద రాసిండ్రు. ఎదురుంగ మనిషి కనవడ్తలేడు. గిది చిన్న వాననా?" అన్నాడు.

నాకు జవాబు తెలియలేదు. మొగమాటానికి ఏదో చెప్పి టీ తాగించి పంపాను. తర్వాత ఇంజనీరింగ్ చదివే మనుమడిని పక్కన కూర్చోబెట్టుకొని, దొరికిన పుస్తకాలు చదువుకొని, జవాబు తెలుసుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

బొగ్గుబాయి వాళ్ళకు ఈ ప్రశ్న కాలక్షేపం కాదు. గట్టి వాన పడితే ఓపెన్‌కాస్టు హాల్ రోడ్లు జారుడుబండలవుతాయి. డంపర్లు నిలిచిపోతాయి. అడుగున సంపులోకి నీరు చేరి పంపులు రాత్రింబగళ్ళు నడవాలి. భూగర్భ గనికి ఇంకా కఠినమైన లెక్క. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గనిలోకి దిగే ద్వారం, ఆ చోట అత్యధిక వరద మట్టం కన్నా కనీసం 1.5 మీటర్లు ఎత్తున ఉండాలని ఉండేది. ఈ 'అత్యధిక వరద మట్టం' అనే మాట ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పుడో, ఎవరో, ఒక రిజిస్టరులో రాసిపెట్టిన అంకె నుంచి వస్తుంది. ఆ రాసినవాడు చాలాసార్లు నాబోటి గుమాస్తానే.

ఇక చరిత్రలోకి వెళదాం. 1864 అక్టోబరులో కలకత్తాను పెద్ద తుపాను ముంచింది. నెల తిరగకముందే నవంబరు 1న మరొకటి మన బందరు మీద పడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. 1866లోనూ 1871లోనూ వానలు ముఖం చాటేశాయి. ఈ దెబ్బల మీద దెబ్బలతో సర్కారు కళ్ళు తెరిచి 1875లో భారత వాతావరణ శాఖను నెలకొల్పింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన దానికి మొదటి అధికారి. వానలు ఎగ్గొట్టిన ఆ 1871లోనే డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు వైపు బొగ్గు జాడ కనిపెట్టాడన్నది సింగరేణి కుటుంబాల వారికి చెప్పనవసరం లేదు.

నిజాం రాజ్యంలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత సొమ్ముతో దుర్భిణి తెప్పించి నక్షత్రశాల పెట్టాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1908లో అది బేగంపేటకు మారింది. అదే ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్ సగం కొట్టుకుపోయింది. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన చేసిన మొదటి పని ఆనకట్ట కట్టడం కాదు, వాన లెక్కలు కూడగట్టడం. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడినట్టు తేలింది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగినట్టు కూడా ఆయనే లెక్క తీశాడు. ఆ అంకెల ఆధారంగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. శంషాబాద్‌లో ఆనాడు కొలగ్లాసు పట్టుకొని లెక్క రాసిన వ్యక్తి ఎవరో చరిత్రలో లేదు. ఆ అంకె మాత్రం మిగిలింది.

ఆ కొలగ్లాసు గురించి కొత్తతరం వారికి రెండు మాటలు చెప్పాలి. రెయిన్‌గేజి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. భూమిలో పాతిన డబ్బా, దాని మీద 5 అంగుళాల వెడల్పు గరాటు, లోపల ఒక సీసా. గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. దగ్గరలో చెట్టు గాని గోడ గాని ఉండరాదు. రోజూ ఉదయం 8.30కి సీసాలో నీళ్ళు కొలగ్లాసులో పోసి గీత చూసి రాయాలి. సీసా నిండి డబ్బాలోకి పొర్లితే ఆ నీళ్ళూ కలిపి కొలవాలి. పెద్ద వాన పడినరోజు గ్లాసు మళ్ళీ మళ్ళీ నింపి పారబోయవలసి వచ్చేది. ఎన్నోది పోశామో లెక్క తప్పితే అంతే సంగతులు. నేను చేరేనాటికి లెక్క మిల్లీమీటర్లలోకి మారింది గాని, మా హెడ్ గుమాస్తా గారు మాత్రం "రెండంగుళాల ముప్పై సెంట్లు" అనేవారు. అంగుళంలో నూరో వంతు సెంటు. రైతులకు ఇవేవీ పట్టవు. వారిది పదును లెక్క. దుమ్మణిగే వాన, దుక్కి పదును వాన, చెరువు మత్తడి దుంకే వాన. నన్నడిగితే అది కూడా మంచి కొలతే.

ఇప్పుడు నా తప్పు. ఊరి పేరు, తాలూకా పేరు రాయను. 1977 ఆగస్టు 13 రెండో శనివారం, 14 ఆదివారం, 15 సోమవారం స్వాతంత్ర్య దినం. అటెండరు శనివారం ఉదయం కొలత తీసి తన ఊరికి వెళ్ళిపోయాడు. సోమవారం మేమందరం ముసురులోనే జెండా ఎగరేసి, మిఠాయి తిని ఇళ్ళకు వెళ్ళాము. రెయిన్‌గేజి ఉన్న పెరటి వైపు పోయినవాడు ఒక్కడూ లేడు. రిజిస్టరు నాది గనుక పోవలసింది నేనే. ఆ రాత్రి వాన. మంగళవారం ఉదయం చూస్తే సీసా నిండి డబ్బాలో నీళ్ళు తేలుతున్నాయి. కొలిస్తే మొత్తం 158 మిల్లీమీటర్లు. మూడు రోజుల గడులు ఖాళీగా ఉన్నాయి. సమానంగా పంచితే అనుమానం వస్తుందని 52, 51, 55 అని రాశాను. అప్పుడు నాకు అది తెలివితేటలుగానే తోచింది.

వారం తిరక్కుండా ఒక ఊరి చెరువు తెగిందని కాగితం వచ్చింది. మరమ్మతుకు సొమ్ము కావాలని పైకి రాశాము. నెల తర్వాత ఫైలు కొర్రీతో తిరిగి వచ్చింది. "రిజిస్టరు ప్రకారం సదరు రోజు వర్షపాతం 55 మి.మీ. మాత్రమే అయినందున, చెరువు తెగుటకు అధిక వర్షము కారణమని అంగీకరించుటకు వీలులేదు" అని దాని సారాంశం. ఆ ఊరి నీరటి, ముసలాయన, ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "అయ్యా, రెండు దినాలు ఉత్త ముసురే గదా. సోమారం రాత్రే మొగులు పగిలినట్టు కొట్టింది. మీ దాంట్ల ఎట్ల రాసిండ్రో సూడుండ్రి" అన్నాడు. నేను చూశాను. చూసి మూసేశాను. దిద్దితే నా ఉద్యోగానికి ముప్పు, ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు. ఆ చెరువు కట్ట పడడానికి రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళు ఆయకట్టు కింద నాట్లు పడలేదు.

ఇది ఇక్కడ ఆపి, మనబోటి వారికి గర్వంగా ఉండే సంగతి ఒకటి చెబుతాను. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు మన దేశ వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చి 1924 దాకా ఉన్నాడు. రాబోయే వానాకాలం ఎలా ఉంటుందో ముందే చెప్పాలన్నది ఆయనకు అప్పగించిన పని. గాలులు, మబ్బుల సిద్ధాంతం తేలేది కాదని ఆయన వేరే దారి పట్టాడు. లోకంలో ఎక్కడెక్కడి గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, వాన అంకెలు తెప్పించి, దేనికి దేనితో పొత్తు కుదురుతుందో లెక్క వేయించాడు. కంప్యూటర్లు లేవు. ఆ గుణకారాలు, భాగహారాలన్నీ చేసినవారు మన దేశపు గుమాస్తాలు. ఏళ్ళ తరబడి కాగితాల మీద చేశారు. పసిఫిక్ మహాసముద్రానికి ఒక పక్క ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గే ఊగిసలాట ఆ లెక్కల్లోంచే బయటపడింది. నేడు ఎల్ నినో పేరుతో పత్రికలు రాసేదానికి అది సగం పునాది. కారణం తెలియకపోయినా పాత అంకెల్లో పొత్తు పట్టుకొని రేపటిది చెప్పడం, ఇదీ వాకర్ పద్ధతి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

రాడార్ యుద్ధంలో పుట్టిన వస్తువు. శత్రు విమానాల కోసం రేడియో తరంగాలు వదిలితే తెర మీద వాన మబ్బులు అడ్డం వచ్చేవి. యుద్ధం ముగిశాక ఆ అడ్డమే శాస్త్రమయింది. 1948లో కెనడాలో మార్షల్, పామర్ అనే ఇద్దరు, వానలో ఎంత లావు చినుకులు ఎన్ని ఉంటాయో ఒక సూత్రం కట్టారు. రంగు చల్లిన కాగితాల మీద చినుకులు పట్టి, మరకలు కొలిచి చేసిన పని అది. రాడార్‌కు తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి నేల మీద గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పడుతున్నదో చెప్పే లెక్కకు అదే మూలం.

మన దేశంలో వాన మబ్బుల రాడార్ 1954లో కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయంలో వచ్చింది. తుపానులను దూరం నుంచే పట్టే పెద్ద రాడార్ మొదట పెట్టింది మన విశాఖపట్నంలో, 1970లో. ఆనాడు వాతావరణ శాఖకు అధిపతి మన తెలుగువాడే. నెల్లూరులో పుట్టిన పంచేటి కోటేశ్వరం గారు. వానాకాలంలో మన నెత్తిన ఎంతో ఎత్తులో తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ గాలిని 1958లో లోకానికి చెప్పినవాడు ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు నేను చూడలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది, వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత మచిలీపట్నానికీ రాడార్ వచ్చింది. 2002లో చెన్నైలో మొదటి డాప్లర్ రాడార్ పెట్టారు. చినుకులు ఎంత వేగంతో దగ్గరికి వస్తున్నాయో, దూరం పోతున్నాయో కూడా అది చెబుతుంది. మచిలీపట్నం, విశాఖల్లో పాతవాటి చోట డాప్లర్లు వచ్చాయి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ రాడార్‌నే దెబ్బతీసిందనుకోండి. కాపలావాడినే కొట్టి పోయినట్టయింది.

గమనించారా, అన్నీ సముద్రం ఒడ్డునే. తుపాను సముద్రం మీంచి వస్తుంది కాబట్టి అది న్యాయమే. కాని ఆ తుపాను, వాయుగుండం తీరం దాటి లోపలికి వచ్చి నీళ్ళు కుమ్మరించేది మన గోదావరి లోయలో. 1986 ఆగస్టు నాకు బాగా జ్ఞాపకం. వరద డ్యూటీలో నది ఒడ్డు ఊళ్ళ వెంట తిరిగాము. మాకు ఉన్నదల్లా పోలీసువారి వైర్‌లెస్ సెట్టు, ఎగువ నుంచి వచ్చే నీటి మట్టం కబురు. మబ్బు ఎక్కడున్నది, ఎంత కురవబోతున్నది అన్న కబురు లేదు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలై 16న మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. అప్పుడు కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని రాత్రంతా మేలుకున్నవాళ్ళలో మన సభ్యులూ ఉన్నారు.

తర్వాతి రోజుల్లో హైదరాబాద్‌కూ డాప్లర్ వచ్చింది. మా మిత్రుడి పచ్చ మచ్చకు జవాబు ఇక్కడున్నది. హైదరాబాద్ నుంచి గోదావరిఖని పక్షి ఎగిరే దారిన దాదాపు 180 కిలోమీటర్లు. రాడార్ కిరణం నేలను తాకుతూ పోదు, అర డిగ్రీ పైకెత్తి వదులుతారు. అది నిటారుగా పోతుంటే కింద భూమి గుండ్రంగా వంగి దిగిపోతుంది. మన దాకా వచ్చేసరికి ఆ కిరణం నేలకు దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. లావు కూడా మూడు కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. అంటే అది చూసేది మన వీధిలో పడే వానను కాదు, ఎక్కడో పైన ఉన్న మబ్బు నడుమును. ఆ ఎత్తుకు కింద కురిసే వాన దానికి కనబడదు. నాగపూర్ రాడార్ మనకు 260 కిలోమీటర్ల దూరం, మచిలీపట్నం ఇంకా దూరం. వాన పరిమాణం లెక్కగట్టడానికి ఈ రాడార్లను 250 కిలోమీటర్ల వరకే నమ్ముతారు. విందులో పంక్తి చివర కూర్చున్నవాళ్ళం మనం. వడ్డన వచ్చేసరికి కూర అడుగంటుతుంది.

ఇంకో చిక్కు ఉన్నది. రాడార్ నీటిని తూచదు, చినుకుల లావును చూస్తుంది. చినుకు వెడల్పు రెట్టింపయితే దానిలో నీరు 8 రెట్లవుతుంది, ప్రతిధ్వని మాత్రం 64 రెట్లవుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, 1 మిల్లీమీటరు చినుకులు 64, రాడార్‌కు రెండూ ఒకటే. కాని ఆ 64 చినుకుల్లో నీళ్ళు 8 రెట్లు ఎక్కువ. సన్న చినుకుల ముసురు పొద్దంతా పడి చెరువు నింపినా రాడార్‌కు అది పచ్చ రంగే. వడగండ్లు నాలుగు ఉంటే చాలు, ఎరుపెక్కుతుంది. కెనడా చినుకుల సూత్రం మన శ్రావణ మాసపు చినుకుకు అతికినట్టు సరిపోతుందన్న హామీ ఏమీ లేదు.

ఇక్కడ వచ్చి చేరినదే మెషిన్ లెర్నింగ్, అంటే యంత్రానికి నేర్పడం. మనుమడు బోర్డు మీద ఏవేవో గీసి చెప్పాడు గాని నాకు ఆఫీసు భాషలోనే అర్థమయింది. కొత్తగా చేరిన గుమాస్తాకు రూల్సు పుస్తకం ఇవ్వకుండా, తీర్మానమైన పాత ఫైళ్ళు పదివేలు ఇచ్చి చదువుకొమ్మన్నారనుకోండి. ఇలాంటి నోటుకు పైవారు ఇలాంటి ఆర్డరు వేశారు అని చూసి చూసి, కొత్త కాగితం రాగానే ఆర్డరు ఏమి వస్తుందో చెప్పేస్తాడు. ఎందుకు అని అడిగితే చెప్పలేడు. యంత్రానికి కూడా అంతే. ఒక పక్క రాడార్ బొమ్మలు, ఇంకో పక్క ఆ రోజు, ఆ గంటలో నేల మీద రెయిన్‌గేజిలో పడిన నీరు, ఈ రెండూ వేలకు వేలు చూపిస్తారు. దూరం పెరిగితే ఎంత తక్కువ కనబడుతుంది, ఏ ఎత్తున ఏ రంగు ఉంటే కింద ఎంత కురుస్తుంది, అన్నీ అదే పొత్తు కుదుర్చుకుంటుంది. వాకర్ దొర గుమాస్తాలు చేసిన పనికి ఇది దూరపు చుట్టమని నాకనిపించింది. మనుమడు పూర్తిగా ఒప్పుకోలేదు గాని కాదనలేదు.

రెండో ఉపయోగం, రాబోయే గంట గంటన్నరలో వాన ఎక్కడికి జరుగుతుందో చెప్పడం. 2015లో హాంకాంగ్‌లో వరుస రాడార్ బొమ్మలను సినిమా రీలులా చూపించి తర్వాతి బొమ్మను యంత్రం చేత గీయించారు. 2021లో డీప్‌మైండ్ వారు, బ్రిటన్ వాతావరణ శాఖ కలిసి 90 నిమిషాల ముందుచూపు చూసే యంత్రాన్ని తయారు చేశారు. 50 మందికి పైగా అనుభవజ్ఞులైన వాతావరణ నిపుణుల ముందు పేర్లు చెప్పకుండా పెడితే, 89 శాతం సందర్భాల్లో దానినే మెచ్చుకున్నారట. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 సెప్టెంబరులో 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్ ఆమోదించింది. కొత్త రాడార్లు, ఈ కృత్రిమ మేధ పద్ధతులు దానిలో భాగాలు. గంటన్నర అంటే తక్కువ అనకండి. ఓపెన్‌కాస్టు అడుగు నుంచి యంత్రాలను, మనుషులను పైకి తేవడానికి అది చాలు అని మా ఓవర్‌మాన్ మిత్రుడి మాట.

అయితే పాత ఫైళ్ళలో లేని కేసు వస్తే గుమాస్తా ఏమి చేస్తాడు? చూసిన వాటిలో దగ్గరిదాన్ని పట్టుకొని రాస్తాడు. 2023 జూలై 27 ఉదయం 8.30కి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. అంతకు ముందు మన రాష్ట్రంలో పెద్ద అంకె 2013 జూలై 19న వాజేడులో నమోదైన 517.5. సింగరేణి ఊరైన భూపాలపల్లి పక్కనే మోరంచపల్లి నీట మునిగి, ఇళ్ళ కప్పుల మీది జనాన్ని హెలికాప్టర్లు, పడవలతో తేవలసి వచ్చింది. అంత వాన ఎన్నడూ చూడని యంత్రం దానిని చూసినా తగ్గించే చెబుతుంది. ఇది ఆ శాస్త్రజ్ఞులే ఒప్పుకునే లోపం. ఆ 649.8 అనే అంకె మనకు దక్కింది రాడార్ వల్ల కాదు, ఆ ఊళ్ళో నిలబెట్టిన ఒక ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం వల్ల. మన రాష్ట్రంలో ఇప్పుడు అవి వెయ్యికి పైగా ఉన్నాయి. లోపల చిన్న తూము తక్కెడ ఉంటుంది. నిండగానే ఒరిగి లెక్క పెడుతుంది. సెలవు రోజులు దానికి లేవు. కాని గరాటులో ఒక వేపాకు అడ్డం పడినా, చీమలు పుట్ట పెట్టినా అది కూడా కుండపోతలో చిరుజల్లు అని రాస్తుంది. మా మిత్రుడూ నేనూ మొన్న ఒక కేంద్రం కంచె బయట నిలబడి చాలాసేపు చూసి వచ్చాము. మనిషి పోయి తుడవక తప్పదు.

2017లో కొందరు శాస్త్రవేత్తలు ఒక వింత లెక్క తీశారు. లోకంలో ఉన్న రెయిన్‌గేజి గరాటులన్నీ పక్కపక్కన పేర్చితే సగం ఫుట్‌బాల్ మైదానం కూడా నిండదట. భూగోళమంతటి వాన సంగతి మనకు తెలిసేది ఆ కాస్త జాగాలో పడిన చినుకుల నుంచే. రాడార్‌ను సరిదిద్దేది అవే, యంత్రానికి నేర్పే పంతులు అవే.

1977 నాటి నా అంకెలు రాడార్ యంత్రానికి పోవు. ఆనాడు మన మీద చూపు పడే రాడారే లేదు. కాని 1901 నుంచి దేశమంతటా నమోదైన రోజువారీ వానలతో వాతావరణ శాఖ వారు ఒక పెద్ద పట్టిక తయారు చేశారు. 6,955 కేంద్రాల రికార్డులు దానికి ఆధారం. వంద ఏళ్ళకు ఒకసారి వచ్చే వాన ఎంత, వంతెనకు ఎన్ని కానాలు పెట్టాలి, గని ముఖం ఎంత ఎత్తున ఉండాలి అని లెక్క వేసేవారు ఇలాంటి పట్టికల దగ్గరికే పోతారు. యంత్రాలకు రుతుపవనాలు నేర్పేవారు కూడా వాటినే సత్యంగా తీసుకుంటారు. మా తాలూకా అందులో ఉన్నదని నేను నిర్ధారణగా చెప్పలేను గాని, ఉంటే మాత్రం ఒకే రాత్రి పడిన నూట ముప్పై, నూట నలభై మిల్లీమీటర్ల వాన అక్కడ 52, 51, 55 గా పంచి ఉంటుంది. ముసలి నీరటి చెప్పింది నిజమైన లెక్క. అది ఏ గడిలోనూ లేదు.

ఈ వ్యాసం పూర్తి చేసే ముందు తెల్లకాగితం మీద పాత అలవాటు ప్రకారం 'విషయము', 'సూచిక' రాసి, తాలూకా పేరుతో సహా ఆ మూడు తేదీల కొలతలు వేరువేరుగా తీసినవి కావనీ, 16వ తేది ఉదయం ఒక్కసారే కొలిచిన మొత్తం 158 మి.మీ. అనీ, అందులో అధిక భాగం 15వ తేది రాత్రి కురిసినదనీ రాసి సంతకం చేశాను. కింద నా పాత హోదా, పి.పి.ఓ. నంబరు వేశాను. నిన్న మధ్యాహ్నం స్పీడ్ పోస్టులో బేగంపేట వాతావరణ కేంద్రానికి పంపాను. రసీదు ఫైల్లో పెట్టుకున్నాను.